మా పాప గ్రూపులో ప్రతి శుక్రవారం ‘నామినేషన్లు’... ఇది రియాలిటీ షోల ప్రభావమా, వయసు ప్రభావమా?

వేకువచుక్క | శనివారం, రాత్రి 11:42

రెండు రోజుల నుంచీ రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఇవాళ పోస్ట్ చేసేస్తున్నాను.

మా పాపకి 13 ఏళ్లు. ఏడుగురు ఆడపిల్లలకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కొన్ని నెలలుగా ప్రతి శుక్రవారం రాత్రి అందులో ‘నామినేషన్లు’ జరుగుతున్నాయట. ఒక్కొక్కరూ ఒక పేరు చెప్పాలి, కారణం చెప్పాలి. ఎక్కువ ఓట్లు పడ్డ అమ్మాయి వారం పాటు గ్రూపు బయట. ఆ వారం స్కూల్లో కూడా ఆ అమ్మాయి పక్కన ఎవరూ కూర్చోకూడదు. అదీ రూలు.

నాకెలా తెలిసిందంటే, ఒక తల్లి ఫోన్ చేసింది. వాళ్లమ్మాయి వరసగా మూడు వారాలు ‘ఎలిమినేట్’ అయిందట, స్కూలుకి వెళ్లనని మొండికేస్తోందట. ఆవిడ చెబుతుంటే నాకు కాళ్లు వణికాయి, మా పాపని కూడా ఇలాగే ఏడిపిస్తున్నారేమోనని. ఫోన్ తీసి చూశాను. మా పాపే హోస్ట్.

కారణాలు చూడండి: “తను జెన్యూన్ కాదు.” “సేఫ్ గేమ్ ఆడుతోంది.” “సింపతీ కోసం ఏడుస్తుంది.” “గ్రూపుకి కంటెంట్ ఇవ్వట్లేదు.” ఇందులో ఒక్కటైనా 13 ఏళ్ల పిల్ల నోట్లో పుట్టిన మాటలా ఉందా?

ఇంట్లో ఈ షోలు చూస్తాం. అబద్ధమెందుకు, నాకు ఇష్టం కూడా. ఇప్పుడు తప్పు ఎవరిది, షోదా, వయసుదా, నాదా? తిట్టదలచుకున్నవాళ్లు దయచేసి ఆగండి, ఇంట్లో పిల్లలున్నవాళ్లు చెప్పండి.

పాతరేడియో | రాత్రి 11:58

అమ్మా, మరీ అంత కంగారు అక్కర్లేదు. మేం చిన్నప్పుడు టీవీలో కుస్తీలు చూసి మంచం మీంచి ఒకడి మీద ఒకడు దూకాం. ఒకడికి చెయ్యి విరిగింది కూడా. ఎవరూ రౌడీలు కాలేదు. ఆడపిల్లల గుంపుల్లో ఒకర్ని వెలేయడం టీవీ పుట్టకముందు నుంచీ ఉంది. అప్పుడు “దానితో పచ్చి” అనేవాళ్లు, ఇప్పుడు “ఎలిమినేటెడ్” అంటున్నారు. పేరే మారింది.

గోడమీదపిల్లి | అర్ధరాత్రి 12:03

మా ఇంట్లో రిమోట్ కోసం రోజూ ఎలిమినేషనే. ప్రతి రోజూ నేనే అవుతాను. హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి.

సందేహాలసంచి | అర్ధరాత్రి 12:31

పాతరేడియో గారూ, వెలేయడం పాతదే, ఒప్పుకుంటాను. కానీ “మా మీద ఏ ప్రభావమూ పడలేదు” అని ఎవరు చెప్పినా నాకు నవ్వొస్తుంది, ఏమనుకోకండి. 1983లో డేవిసన్ అనే ఆయన దీనికి పేరు కూడా పెట్టాడు: ‘థర్డ్ పర్సన్ ఎఫెక్ట్’. మీడియా ప్రభావం ఎవరి మీద ఉంటుందని అడిగితే ప్రతివాడూ పక్కవాడి వైపు చెయ్యి చూపిస్తాడు. (నేను సైకాలజీ పీజీ చేస్తున్నాను, అందుకే ఈ సోది.)

అసలు చెప్పాలనుకున్నది వేరు. బాండురా అనే సైకాలజిస్టు చేసిన ‘బోబో బొమ్మ’ ప్రయోగం చాలామంది వినుంటారు. పెద్దవాళ్లు బొమ్మని కొడుతుంటే చూసిన పిల్లలు తామూ కొట్టారు, అది 1961. అందరూ అక్కడితో ఆపేస్తారు. 1965లో ఆయన చేసిన ఇంకో ప్రయోగం నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది. కొందరు పిల్లలకి, బొమ్మని కొట్టినవాడికి బహుమతి దొరికిన ఫిల్మ్ చూపించారు. కొందరికి వాడికి శిక్ష పడినది. మిగతావాళ్లకి ఏమీ జరగనిది. శిక్ష చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. అమ్మయ్య అనుకుంటాం. తర్వాత “వాడు చేసినట్టు చేసి చూపిస్తే మీకొకటి ఇస్తాం” అని ఆశ పెట్టారు. అంతే, మూడు గుంపుల మధ్య తేడా మాయమైపోయింది.

అంటే నేర్చుకోవడం అందరికీ జరిగిపోయింది. బయటపెట్టడం మాత్రం ఎదురుగా ఏం దొరుకుతుందన్న దాన్ని బట్టి. కాబట్టి వేకువచుక్క గారూ, నేనైతే పాప ఏ షో చూసి నేర్చుకుందని వెతకను. ఆ గ్రూపులో హోస్ట్‌గా ఉంటే పాపకి దొరికేది ఏంటని వెతుకుతాను.

పాతరేడియో | ఆదివారం, ఉదయం 6:10

బొమ్మని కొట్టడానికే కదా ఆ బొమ్మ ఉన్నది! తంతే మళ్లీ లేచి నిలబడే బొమ్మ పిల్లాడి చేతికిచ్చి, కొట్టాడేంటని రాసుకోవడం ఏం శాస్త్రం బాబూ.

సందేహాలసంచి | ఉదయం 9:25

నిజమే సార్, ఆ విమర్శ మా పుస్తకాల్లోనే ఉంది. మీరు మా సీటుకి ఎసరు పెట్టేలా ఉన్నారు.

లెక్కలపిచ్చి | ఉదయం 10:02

పోనీ బొమ్మలు వదిలేద్దాం, రియాలిటీ షోల మీదే చేసినవి చూద్దాం.

అమెరికాలో గర్ల్ స్కౌట్స్ అనే ఆడపిల్లల సంస్థ పరిశోధన విభాగం 2011లో 11–17 ఏళ్ల అమ్మాయిలు 1,100 మందికి పైగా అడిగింది. “అమ్మాయిల స్నేహాల్లో చాడీలు మామూలే” అన్నవాళ్లు, ఈ షోలు క్రమం తప్పకుండా చూసేవాళ్లలో 78 శాతం, చూడనివాళ్లలో 54. “మంచిగా ఉండేదాని కన్నా కటువుగా ఉండేదానికే గౌరవం ఎక్కువ” అన్నవాళ్లు 37, 24. వేకువచుక్క గారి పాప గ్రూపుని చూసినట్టే ఉంది కదా?

ఆగండి. అదే సర్వేలో చూసే అమ్మాయిలే తమ మీద తమకి నమ్మకం ఎక్కువని చెప్పారు, లీడర్లు కావాలని ఎక్కువగా కోరుకున్నారు. దాన్ని ఏ హెడ్‌లైనూ ఎత్తుకోదు. పైగా ఇది సర్వే మాత్రమే. షో చూసి అలా అయ్యారా, అలాంటి పిల్లలే షో చూస్తున్నారా అన్నది ఇందులో తేలదు.

ఇంకోటి. ‘16 అండ్ ప్రెగ్నెంట్’ అని 2009లో ఎంటీవీలో మొదలైంది. చిన్న వయసులో తల్లులైన అమ్మాయిల కష్టాలు చూపించే షో. అది చూసి టీనేజీలో గర్భాలు పెరుగుతాయని చాలామంది భయపడ్డారు. కెర్నీ, లెవిన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు తీసి, షో మొదలైన ఏడాదిన్నరలో టీనేజీ కాన్పులు 5.7 శాతం దాని వల్లే తగ్గాయన్నారు. అంతా చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకో బృందం అవే లెక్కల్ని తిరగదోడి, ఆ పద్ధతి నిలబడదు, షో ఎక్కువ చూసిన చోట్లకీ తక్కువ చూసిన చోట్లకీ ముందు నుంచే తేడాలున్నాయని తేల్చింది.

నా వరకు నాకు అర్థమైంది: “రియాలిటీ షో” అని ఒకే డబ్బాలో అన్నీ వేసి కొలవడం కుదరదు. పాటల పోటీ, అడవిలో బతకడం, ఒక ఇంట్లో పడేసి గొడవ పెట్టడం, ఇవి మూడూ ఒకటి కాదు.

మిణుగురు19 | ఉదయం 11:15

హాయ్, నేను 19. ఈ చర్చ ఎవరి గురించో వాళ్లలోంచి ఇప్పటిదాకా ఒక్కరూ మాట్లాడలేదు కాబట్టి వచ్చాను.

మేం స్క్రిప్టెడ్ అని తెలీక చూడట్లేదు. తెలిసే చూస్తాం. ఎపిసోడ్ కన్నా తర్వాత మేం చేసుకునే గోల ముఖ్యం. ఎవరు ఎవర్ని వాడుకుంటున్నారు, ఎవరు సారీ చెప్పినట్టు చెప్పి తప్పు తిరిగి ఎదుటివాళ్ల మీదే వేశారు... ఇవన్నీ గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ‘గ్యాస్‌లైటింగ్’ (ఎదుటివాళ్లకి తమ మీద తమకే అనుమానం పుట్టేలా చేయడం) అంటే ఏంటో నాకు అలాగే తెలిసింది. 2018లో బ్రిటన్‌లో లవ్ ఐలండ్ అనే డేటింగ్ షో‌లో ఒకబ్బాయి ప్రవర్తన చూసి గృహహింస బాధితులకి సాయపడే విమెన్స్ ఎయిడ్ సంస్థే బయటికొచ్చి, ఇది మానసిక హింస, గుర్తుపట్టండి అని చెప్పింది. ఆ క్లిప్ చూసి నా ఫ్రెండ్ ఒకమ్మాయి “మా వాడూ ఇంతే” అంది. రెండు నెలల తర్వాత బయటపడింది. ఆ మాట తనకి క్లాసులో ఎవరూ నేర్పలేదు.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. రాత్రి తొమ్మిదింటికి న్యూస్ డిబేట్‌లో ఆరుగురు పెద్దవాళ్లు ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరుచుకుంటారు. దానికి ‘విలువలు’ అడ్డురావా?

గోడమీదపిల్లి | ఉదయం 11:19

అందులో ఎలిమినేషన్ లేదు తమ్ముడూ/చెల్లీ. అదే బాధ.

దూరపుకొండ | మధ్యాహ్నం 1:40

మిణుగురూ, మీ గోల అంతా విశ్లేషణేనా? కంటెస్టెంట్ ఇన్‌స్టాలోకి వెళ్లి బూతులు పెట్టేది ఎవరు? వాళ్లమ్మ ఫొటో కింద కూడా పెడతారు.

జపాన్‌లో టెరస్ హౌస్ అని చాలా మెత్తటి షో ఉండేది. అరుపుల్లేవు, ఎలిమినేషన్ లేదు. అందులో ఉన్న హనా కిమురా అనే 22 ఏళ్ల అమ్మాయి ఒక ఎపిసోడ్‌లో కోప్పడినందుకు ఆన్‌లైన్‌లో మీదపడిపోయారు. 2020 మేలో ప్రాణం తీసుకుంది. షో ఆపేశారు. రెండేళ్ల తర్వాత అక్కడ అవమానించే నేరానికి శిక్ష పెంచారు. అంతకుముందు 30 రోజుల లోపు నిర్బంధం ఉండేది, ఇప్పుడు ఏడాది వరకు జైలు. చట్టమే మార్చాల్సి వచ్చింది.

అందుకే నేను షోలో కొట్టుకునేవాళ్ల గురించి కాదు, ఇవతల సోఫాలో కూర్చున్నవాళ్ల గురించి భయపడతాను. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మీద వారానికోసారి తీర్పు చెప్పడం అలవాటైపోతోంది.

మిణుగురు19 | మధ్యాహ్నం 1:52

అది నిజం. నేను కామెంట్లు పెట్టను. కానీ పెట్టిన మీమ్స్ షేర్ చేశాను. హనా గురించి తెలీదు, ఇప్పుడే చదివాను.

లెక్కలపిచ్చి | మధ్యాహ్నం 2:30

ఓటు గురించి ఒక ముక్క. 2021లో చైనాలో కొత్త పాప్ స్టార్లని (ఐడల్స్) ఎంపిక చేసే ఒక షోకి ఓటు కోడ్‌ని స్పాన్సర్ పాల సీసా మూత లోపల పెట్టారు. అభిమానులు కోడ్ కోసం పెట్టెలకి పెట్టెలు కొని, మూతలు తీసుకుని, పాలు కాలువలో పోయించారు. ఆ వీడియో బయటికొచ్చి ఫైనల్ ఆగిపోయింది. ఆ సెప్టెంబర్‌లో అలాంటి షోలనే అక్కడి ప్రభుత్వం నిషేధించింది. కొరియాలో ఇంకా ఘోరం. ‘ప్రొడ్యూస్ 101’ సిరీస్‌లో ఓట్లు మార్చేశారని 2019లో బయటపడి, మరుసటి ఏడాది నిర్మాతకి జైలు శిక్ష పడింది. అన్ని లక్షల మంది పిల్లలు రాత్రిళ్లు మేలుకుని వేసిన ఓట్లు.

టైమ్‌లైన్‌కూలీ | ఆదివారం, సాయంత్రం 7:05

నిన్నటి నుంచీ చదువుతున్నాను, మాట్లాడాలా వద్దా అని. నేను ఎడిటర్ని. నాన్-ఫిక్షన్ షోలకి కొన్నేళ్లు పని చేశాను, ఏ షోలో చెప్పను. అడక్కండి.

“స్క్రిప్టెడా?” అని అందరూ అడుగుతారు. మా అమ్మతో సహా. జవాబు: నేను పనిచేసిన చోట డైలాగులు రాసివ్వలేదు. రాసివ్వాల్సిన అవసరమే లేదు. రోజంతా తిరిగే కెమెరాలు డజన్ల కొద్దీ ఉంటాయి, జనం చూసేది గంట. ఆ గంటలో ఎవరు మంచివాడో, ఎవరు పాము, ఎవరు పిచ్చిమాలోకమో నిర్ణయమయ్యేది మా గదిలో. అమెరికాలో ఒక కుటుంబాన్ని నెలల తరబడి షూట్ చేసి, 1973లో ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’ అని వేశారు. 300 గంటల ఫుటేజ్, 12 ఎపిసోడ్లు. ఆ కుటుంబం ఆనాడే మొత్తుకుంది, మేం ఇలాంటివాళ్లం కాదు, కోసి అతికారు అని. 50 ఏళ్లుగా ఇదే ఏడుపు.

ఎలా చేస్తామో చెబుతాను. ఎవరో జోక్ వేశారు, ఒకమ్మాయి కళ్లు తిప్పింది. ఆ కళ్లు తిప్పడం మంగళవారంది, ఉక్కకి విసుగొచ్చి. దాన్ని గురువారం ఏడుస్తున్న మనిషి పక్కన అతికిస్తే ఆ అమ్మాయి రాక్షసి. అబద్ధం ఒక్క ఫ్రేమ్ లేదు. రెండూ జరిగాయి. ఇంకొకటి ‘ఫ్రాంకెన్‌బైట్’. ఒకే మనిషి వేర్వేరు చోట్ల అన్న ముక్కలు కలిపి కొత్త వాక్యం చేయడం. మాట్లాడుతుంటే మధ్యలో మొహం వదిలి గది, కిటికీ, ఇంకొకరి మొహం చూపించారంటే అక్కడ కుట్టు ఉండొచ్చు. కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని చెప్పే మాటలుంటాయి చూడండి, అవతల ఒక మనిషి కూర్చుని ప్రశ్నలు వేస్తాడు. ప్రశ్న తీసేస్తాం. “ఫలానావాడు నీ వెనకాల ఇలా అన్నాడు, నీకెలా అనిపించింది?” అనేది ప్రశ్న. మీకు కనబడేది మాత్రం తనంతట తనే విషం కక్కుతున్న మనిషి.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ పిల్లలు గొడవలు నేర్చుకుంటున్నారంటున్నారు. నాకు అలా అనిపించదు. పిల్లలు నా పని నేర్చుకున్నారు.

వేకువచుక్క గారూ, ఆ నామినేషన్లలో కారణాలతో పాటు స్క్రీన్‌షాట్లు ఉన్నాయా? ఉంటే ఒక్కసారి చూడండి, పైనా కిందా ఎక్కడ కోశారో.

వేకువచుక్క | రాత్రి 8:20

ఉన్నాయి. చేతులు చల్లబడ్డాయి నాకు.

ఆ అమ్మాయి “నాకు మీరెవరూ అక్కర్లేదు” అన్నట్టు ఒక స్క్రీన్‌షాట్ ఉంది. దాని మీదే నాలుగు ఓట్లు పడ్డాయి. పాప ఫోన్‌లో అసలు చాట్ వెతికి చదివాను. పైన ఉన్న మెసేజ్: “పరీక్షలప్పుడు ఎవరితో కలిసి చదువుకుంటావ్?” కింద ఉన్న మెసేజ్: “ఒక్కదాన్నే అయితేనే బుర్రకెక్కుతుంది, తర్వాత అందరం కలుద్దాం.” మధ్యలోది మాత్రం ఉంచారు.

కోసింది మా పాప కాదు, ఇంకో అమ్మాయి. కానీ మా పాప చూసింది. తనకి తెలుసు.

టైమ్‌లైన్‌కూలీ | రాత్రి 8:26

చాలా శుభ్రంగా కోసింది. నాకు మొదటి ఏడాది ఇంత బాగా రాలేదు. (క్షమించండి, వెటకారం కాదు. భయమేసి అన్నాను.)

పాతరేడియో | రాత్రి 9:00

ఇది మాత్రం మా రోజుల్లో లేదు. చాడీ చెబితే “అదేం లేదులే” అని కొట్టిపారేసే వీలుండేది. ఇప్పుడు సాక్ష్యం చూపిస్తున్నారు. అబద్ధపు సాక్ష్యం కూడా కాదు. మరి పెంపకంలో...

[ఈ వ్యాఖ్యలో కొంత భాగం తొలగించబడింది]

వేదికపెద్ద (నిర్వాహకులు) | రాత్రి 9:12

‘పెంపకం’ మీద వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాను, ఒకటి పాతరేడియో గారిది, సగం. చర్చ పెట్టిన ఆవిడ ముందే దండం పెట్టి అడిగారు. గట్టిగా వాదించండి, మనిషి మీద వద్దు.

గోడమీదపిల్లి | రాత్రి 9:13

పాతరేడియో గారు ఈ వారం డేంజర్ జోన్‌లో ఉన్నారు.

పాతరేడియో | రాత్రి 9:15

ఓట్లు వెయ్యండి, నేను సేఫ్ గేమ్ ఆడను.

బల్లమీదసుద్ద | సోమవారం, సాయంత్రం 5:30

టీచర్ని. ఎడిటర్ గారు చెప్పినది నేను క్లాసులో చేసి చూశాను కాబట్టి, ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను.

ఎనిమిదో క్లాసు పిల్లలు అయిదుగురు కలిసి చార్టు తయారుచేస్తుంటే ఇరవై నిమిషాలు వీడియో తీశాం, అందరి అనుమతితో. రెండు జట్లకి అదే వీడియో ఇచ్చాను. నిమిషం చాలు, ఒక జట్టు ఫలానా అబ్బాయిని హీరో చెయ్యాలి, ఇంకో జట్టు అదే అబ్బాయిని విలన్ చెయ్యాలి. ఆ అబ్బాయే ముందుకొచ్చాడు, నేను చేస్తానని.

రెండూ వేశాం. విలన్ వీడియోకి క్లాసంతా పగలబడి నవ్వింది, ఆ అబ్బాయి కూడా. తర్వాత వాడు నెమ్మదిగా నా దగ్గరికొచ్చి “అది డిలీట్ చేస్తారా టీచర్” అన్నాడు. “అది నువ్వు కాదని అందరికీ తెలుసు కదరా” అన్నాను. “తెలుసు, కానీ అది చూశాక నాకే నేను అలాగే ఉన్నాననిపించింది” అన్నాడు. వెంటనే చేశాను. పిల్లాడి మీద ప్రయోగం చేశానేమోనని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంకోసారి చేస్తే పిల్లల్ని కాదు, నన్నే విలన్ని చెయ్యమంటాను.

ఇంకా ఉంది. నెల తర్వాత ఇద్దరు పిల్లలు అదే పద్ధతిలో వేరే క్లాసు పిల్లాడి మీద వీడియో చేసి పంచారు. నేర్పింది నేనే. ‘మీడియా అక్షరాస్యత’ అని మేం గొప్పగా చెప్పుకునేది ఇలా కూడా తిరుగుతుంది. సందేహాలసంచి చెప్పిన బొమ్మ ప్రయోగం చదివాక నాకు ఇది అర్థమైంది.

సందేహాలసంచి | సాయంత్రం 6:48

టీచర్ గారూ, ఇది రాసినందుకు థాంక్స్. మామూలుగా “అవగాహన పెంచాలి” అని అందరూ ముగించేస్తారు.

ఒక చిన్న విషయం కలుపుతాను. 1967 నుంచి 2007 వరకు వచ్చిన అమెరికన్ షోల మీద ఊల్స్, గ్రీన్‌ఫీల్డ్ చేసిన అధ్యయనం ఉంది. 9–11 ఏళ్ల పిల్లలు ఎక్కువగా చూసే షోలు ఏ విలువల్ని చూపిస్తున్నాయని దశాబ్దాల వారీగా పోల్చారు. 16 విలువల్లో ‘కీర్తి’ 1997లో 15వ స్థానం. 2007కి మొదటి స్థానం. వాళ్లు కొలిచింది షోల్ని, పిల్లల మనసుల్ని కాదు. అయినా పదేళ్లలో అంత దూకుడు!

మన సంగతిలో కీర్తి అంటే ఏంటి? ఏడుగురు అమ్మాయిల గ్రూపులో హోస్ట్ కావడం. ఆ స్థాయికి అది స్టారే. వేకువచుక్క గారు పాపతో మాట్లాడారో లేదో.

వేకువచుక్క | మంగళవారం, రాత్రి 11:50

మాట్లాడాను. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మొదట అరిచాను. ఏమీ రాలేదు. తలుపేసుకుంది. గంటన్నర తర్వాత నేనే వెళ్లి మంచం అంచున కూర్చున్నాను. నేనేమీ అడగలేదు. చాలాసేపటికి తనే అంది: “హోస్ట్‌ని నామినేట్ చెయ్యరు కదమ్మా.”

అంతే. మొదటి వారం తన పేరు రెండుసార్లు వచ్చిందట. రెండో వారానికి “నేను హోస్ట్‌గా ఉంటాను, రూల్స్ నేను చూసుకుంటాను” అందట. అప్పటి నుంచి తన పేరు రాలేదు. నేను ఇన్నాళ్లూ నా కూతురికి పెత్తనం ఎక్కువైందనుకుంటున్నాను. అది దాక్కుంది.

తర్వాతది రాయడం కష్టంగా ఉంది. “సింపతీ కోసం ఏడుస్తుంది అని రాశావు, ఒక పిల్ల ఏడుస్తుంటే అలా ఎలా అనిపించింది?” అన్నాను. నా మొహంలోకి చూసి, “నువ్వు రోజూ అంటావు కదా” అంది.

అంటాను. ఆ షోలో ఒకమ్మాయి ఏడ్చినప్పుడల్లా సోఫాలో కూర్చుని “మొదలెట్టింది సింపతీ గేమ్, దీన్ని పంపించేస్తే పీడా పోతుంది” అంటాను. మొదటి పోస్టులో నేనే రాశాను, ఇవి పిల్ల నోట్లో పుట్టిన మాటలేనా అని. కావు. నా నోట్లోవి.

మిణుగురు19 | అర్ధరాత్రి 12:08

అక్కా. నాకేం చెప్పాలో తెలీట్లేదు. మీరు ఇది రాయకుండా ఉండొచ్చు. రాశారు.

దూరపుకొండ | బుధవారం, ఉదయం 7:30

మా ఇంట్లో నేను అనేది “వీడి మొహమే చెబుతోంది దొంగని”. రాత్రి నుంచీ అదే గుర్తొస్తోంది.

పాతరేడియో | ఉదయం 8:05

అమ్మా, మొన్న తొలగించిన సగం వ్యాఖ్యకి క్షమించు. ఆ అవతలి తల్లికి ఫోన్ చేశావా?

వేకువచుక్క | ఉదయం 8:40

చేశాను అంకుల్. అసలు చాట్ మొత్తం పంపించాను, కోసింది కాదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “మా అమ్మాయికి ఇది చూపించొచ్చా” అంది. తను నిజంగానే అలా అన్నానేమో, గుర్తులేదేమో అనుకుంటోందట ఆ పిల్ల. టీచర్ గారు చెప్పిన అబ్బాయిలాగే.

పాప సారీ చెబుతానంది. ఏం చెప్పాలో నేను నేర్పలేదు. వెళ్లింది, వచ్చింది, అడగలేదు.

లెక్కలపిచ్చి | ఉదయం 9:10

అడక్కపోవడం మంచిపని. లేకపోతే అది కూడా ఎపిసోడ్ అవుతుంది.

వేకువచుక్క | శనివారం, సాయంత్రం 6:15

వారం అయింది కాబట్టి చెబుతున్నాను. పాత గ్రూపు తీసేశారు. కొత్తది పెట్టుకున్నారు. ఆ అమ్మాయిని చేర్చుకున్నారట. మా పాపని చేర్చలేదు. “నువ్వు మీ అమ్మకి చెప్పేస్తావు” అన్నారట. కోసిన అమ్మాయి మాత్రం అందులో ఉంది.

పాప రెండు రోజులు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఏ పేరూ పెట్టలేదు ఆ ఏడుపుకి.

ఈ రాత్రి షో ఉంది. వారమంతా పెట్టలేదు. ఇప్పుడు పాపే అడుగుతోంది, పెట్టమని. పెట్టనా వద్దా? నిజంగా తెలీక అడుగుతున్నాను.

పాతరేడియో | సాయంత్రం 6:22

వద్దు. ఇంకో నెల ఆగు.

మిణుగురు19 | సాయంత్రం 6:24

పెట్టండి అక్కా. ఇప్పుడు మానేస్తే శిక్షలా ఉంటుంది.

టైమ్‌లైన్‌కూలీ | సాయంత్రం 6:31

పెట్టండి, కానీ సౌండ్ తీసేయండి. పాప చేతికి ఒక కాగితం ఇవ్వండి. మొహం మీంచి కెమెరా పక్కకి తప్పుకున్నప్పుడల్లా ఒక గీత పెట్టమనండి. పక్కనున్నవాళ్ల జుట్టు, బట్టలు కూడా చూడమనండి, మాటకీ మొహానికీ రోజు మారిపోయిన చోట దొరికిపోతాం. పది నిమిషాలు చాలు. ఎన్ని గీతలొచ్చాయో రేపు నాకు చెప్పండి.

గోడమీదపిల్లి | సాయంత్రం 6:33

నేనూ పెడుతున్నాను. రిమోట్ దొరికితే.

వేకువచుక్క | రాత్రి 10:14

ఏడో నిమిషానికే 41 గీతలు. తర్వాత లెక్క మర్చిపోయాం. ఒకమ్మాయి ఏడ్చింది, సౌండ్ లేదు కాబట్టి ఎందుకో తెలీలేదు. పాప “ఏమైంది దానికి?” అంది. నాకూ తెలీదన్నాను.